తీసిన కొవ్వును గ్రాఫ్టింగ్‌కి సిద్ధం చేయడం: ఓటీలో మొదటి సిరంజి నుంచి చివరి సిరంజి దాకా

పొత్తికడుపు నుంచో తొడ నుంచో తీసిన కొవ్వును ముఖంలో నింపడం గురించి మాట మొదలైతే, ప్లాస్టిక్ సర్జరీలో కొత్తగా చేరిన పీజీలు ముందుగా అడిగేది ఏ మెషిన్ కొనాలి, ఏ కిట్ మంచిది అని. అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది సిరంజిలోకి వచ్చినదాంట్లో ఏమేం ఉన్నాయన్నది. మనం లాగిందంతా కొవ్వు కాదు. అందులో బతికున్న కొవ్వు కణాలు, వాటిని అంటిపెట్టుకున్న మూలకణాలు, సన్నని రక్తనాళాల ముక్కలు ఉంటాయి. వాటితో పాటే మనం ఎక్కించిన సెలైన్, రక్తం, పగిలిన కణాల నుంచి కారిన నూనె కూడా ఉంటాయి. సిద్ధం చేయడమంటే ఈ రెండో రకాన్ని తీసేసి, మొదటి రకాన్ని దెబ్బతగలకుండా, ఎండిపోకుండా, ఆలస్యం లేకుండా అవతలి చోటికి చేర్చడం. ఏ పద్ధతిలో చేసినా ఆ పని జరిగిందా లేదా అన్నదే చూడాలి, మెషిన్ పేరు తర్వాత సంగతి.

ఇది సీనియర్ పక్కన నిలబడి పని నేర్చుకుంటున్న పీజీలకి, ట్రే సర్దే సిస్టర్లకి, ఈ ఆపరేషన్ చేయించుకోబోతూ తన శరీరంలోంచి తీసినదాన్ని ఏం చేస్తారో తెలుసుకోవాలనుకునే పేషెంట్లకి రాస్తున్నాను. వీడియోలు చూసి క్లినిక్కుల్లో సొంతంగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకి మాత్రం కాదు, ఎందుకో ఇంజెక్షన్ దగ్గరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ఈ పని కొత్తదేమీ కాదు. 1893లోనే గుస్తాఫ్ నాయ్‌బర్ అనే జర్మన్ సర్జన్ చేతి నుంచి కొవ్వు తీసి ముఖం మీద గుంటపడ్డ మచ్చ కింద పెట్టాడు, పెద్ద ముక్కలకన్నా చిన్న ముక్కలే బాగా నిలుస్తున్నాయని అప్పుడే గమనించాడు. 1950ల్లో లిండన్ పీర్ అనే అమెరికన్ సర్జన్ గ్రాఫ్ట్ పెట్టిన ఏడాదికి దాని బరువు దాదాపు సగానికి పడిపోతుందని చూపించి, అక్కడ బతికి మిగిలిన కణాల సంఖ్యే తుది ఫలితాన్ని నిర్ణయిస్తుందని చెప్పాడు. 1990ల్లో న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ ఈ రెండు సంగతుల్నీ కలిపి, మెల్లగా తీయడం, శుభ్రం చేయడం, కొంచెం కొంచెంగా పెట్టడం అనే ఒక క్రమం ఏర్పరిచాడు. ఇప్పుడు మనం చేస్తున్నది చాలావరకు ఆ క్రమమే.

చెప్పడానికి వీలుగా ఒక కేసు అనుకుందాం. రోంబర్గ్ జబ్బు, అంటే ముఖం ఒకవైపు మెల్లమెల్లగా కరిగి లోపలికి పోయే జబ్బు. కరగడం ఆగిపోయి కొంతకాలమైంది, పేషెంట్ బరువు 60 కిలోలు, చెంపలోనూ కణత దగ్గరా కలిపి 20 మి.లీ. కొవ్వు కావాలి.

మొదట ట్రే, అందులోనూ కాన్యులాలు

మత్తు ఇచ్చాక వెతుక్కునే పరిస్థితి రాకూడదు. లూయర్‌లాక్ (తిప్పి బిగించే మొన) ఉన్న 10 మి.లీ. సిరంజిలు పదిహేను దాకా, వాటికి స్టెరైల్ మూతలు, 1 మి.లీ. సిరంజిలు ఇరవై ముప్పై, సిరంజికీ సిరంజికీ మధ్య పెట్టే కనెక్టర్లు రెండు మూడు, సిరంజిలు నిలబెట్టడానికి స్టాండు, గోరువెచ్చని ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే ద్రవం) లేదా నార్మల్ సెలైన్, పీచు రాలని నాన్‌స్టిక్ ప్యాడ్లు. సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పి పొరలు విడదీసే మెషిన్) వాడేట్టయితే సిరంజి కూర్చునే గొట్టాలు కూడా ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరైల్) అయి ఉండాలి.

కాన్యులాల గురించి, అంటే కొవ్వు తీయడానికీ పెట్టడానికీ వాడే సన్నని గొట్టాల గురించి, కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన దగ్గర చాలా చోట్ల తేడా వచ్చేది ఇక్కడే. కాన్యులా లోపలి గొట్టం సన్నగా ఉంటుంది, కిందటి కేసు కొవ్వు, రక్తం అందులో ఎండి అతుక్కుంటే పైన ఎంత మెరిసినా లోపల మురికే. కేసు అయిన వెంటనే సన్నని బ్రష్‌తో, ఎంజైమ్ ద్రావణంతో లోపల కడిగి, ఆరబెట్టి, ఆటోక్లేవ్ చేయాలి. కేసుకీ కేసుకీ మధ్య గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో కాసేపు ముంచి తీసి, కుళాయి నీళ్లతోనో కాచిన నీళ్లతోనో కడిగి వాడే అలవాటు ఎక్కడ కనిపించినా ఆపించండి. నీళ్లలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా అలాగే లోపలికి పోతుంది. కొన్ని వారాల తర్వాత గడ్డలు లేస్తాయి, మామూలు యాంటీబయాటిక్స్‌కి తగ్గవు, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. లాపరోస్కోపీ పోర్టుల దగ్గర ఇదే రకం ఇన్ఫెక్షన్ మన ఆసుపత్రుల్లో సర్జన్లందరికీ తెలిసిందే. ముఖంలో వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ద్రవం ఎక్కించడం

కొవ్వు ఎక్కడి నుంచి తీయాలి? పొత్తికడుపు, తొడ లోపలివైపు, నడుం పక్కలు. ఒక చోటు కొవ్వు మరో చోటు కొవ్వుకన్నా కచ్చితంగా ఎక్కువ నిలుస్తుందని గట్టి రుజువేమీ లేదు. పేషెంట్‌కి ఎక్కడ ఉందో, వెల్లకిలా పడుకోబెట్టి ఎక్కడ అందుతుందో అక్కడే తీయండి. పొత్తికడుపు అయితే ముందు హెర్నియా లేదని చేత్తో చూసి, పాత ఆపరేషన్ మచ్చల గురించి అడిగి మొదలుపెట్టాలి.

కొవ్వు తీసే ముందు ఆ చోట ఎక్కించే ద్రవం ఇది: 1 లీటరు ఆర్‌ఎల్‌లో 1 మి.గ్రా. అడ్రినలిన్ కలిపితే పది లక్షల్లో ఒక వంతు అవుతుంది. రక్తస్రావం తగ్గడానికి అది చాలు. లోకల్‌లో, అంటే ఆ చోటుకి మాత్రమే మత్తిచ్చి, చేసేట్టయితే 2 శాతం లిగ్నోకైన్ అనే మత్తుమందు 25 మి.లీ. కలిపితే లీటరుకి 500 మి.గ్రా. అవుతుంది. ఈ పలుచని ద్రవంలో లిగ్నోకైన్‌కి 1990లో జెఫ్రీ క్లైన్ చెప్పిన హద్దు కిలోకి 35 మి.గ్రా., అంటే మన 60 కిలోల పేషెంట్‌కి 2,100 మి.గ్రా. మన కేసుకి 200 మి.లీ. ద్రవం సరిపోతుంది కాబట్టి ఆ దరిదాపుల్లోకి కూడా పోం. కానీ పెద్ద కేసుల్లో ఈ లెక్క బోర్డు మీద రాసి పెట్టుకోండి, ముఖంలో ఇచ్చిన నర్వ్ బ్లాకుల్లోని లిగ్నోకైన్‌ని కూడా అందులో కలపండి. ఇలా ఎక్కించిన లిగ్నోకైన్ రక్తంలో పతాక స్థాయికి చేరేది గంటల తర్వాత, ఒక్కోసారి పన్నెండు గంటలకి. ఓటీలో బాగున్నాడు కదా అని త్వరగా ఇంటికి పంపేస్తే ఆ ప్రమాదం ఇంటి దగ్గర ఎదురవుతుంది.

ఎక్కించాక పావుగంట ఆగండి. చర్మం తెల్లబడేదాకా ఓపిక పడితే సిరంజిలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, తర్వాత కడిగే పని కూడా తగ్గుతుంది.

కొవ్వు తీయడం

మొన తేలని, 2.5 నుంచి 3 మి.మీ. లావున్న కాన్యులా తీసుకోండి. ముఖానికైతే చిన్న చిన్న రంధ్రాలు చాలా ఉన్నది మేలు, తీసేటప్పుడే ముక్కలు సన్నగా వస్తాయి. 10 మి.లీ. సిరంజికి బిగించి ప్లంజర్‌ని 1 లేదా 2 మి.లీ. గీత దాకా మాత్రమే వెనక్కి లాగి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించాలి. ప్లంజర్ మొత్తం లాగేసి క్లిప్ పెట్టేస్తే పని త్వరగా అవుతున్నట్టే ఉంటుంది, కానీ ఆ పీడనానికి కణాలు పగిలి తర్వాత సిరంజి పైన నూనె పొర మందంగా తేలుతుంది. ఆ పొర మందం మీరు ఎంత మొరటుగా తీశారో చూపించే కొలతే, ప్రతి కేసులోనూ దాన్ని గమనించడం అలవాటు చేసుకోండి. రొమ్ము పునర్నిర్మాణం లాంటి పెద్ద కేసుల్లో మెషిన్ తప్పదు, అప్పుడు సక్షన్‌ని సగం అట్మాస్ఫియర్‌కి, అంటే సుమారు 380 మి.మీ. మెర్క్యురీకి, మించనివ్వకండి.

లాగినదాంట్లో చివరికి పనికొచ్చేది ఇంచుమించు సగం. కాబట్టి 20 మి.లీ. కావాలంటే 45 నుంచి 50 మి.లీ. దాకా తీయండి. ఒకే చోట తవ్వకుండా విసనకర్రలా అన్ని వైపులకీ తిరగండి, లేకపోతే పొట్ట మీద గుంట పడి, దాన్ని సరిచేయడానికి మరో ఆపరేషన్ కావాల్సి వస్తుంది.

శుభ్రం చేయడం, అసలు పని ఇదే

ఎందుకు శుభ్రం చేయాలో ముందు చెప్తాను. నీరు మిగిలితే మీరు 20 మి.లీ. పెట్టామనుకున్నది నిజానికి 14 మి.లీ.యే కావచ్చు. ఆ నీరు కొద్దిరోజుల్లో పీల్చుకుపోయి, చెంప మళ్లీ లోపలికి పోయిందని పేషెంట్ బాధపడతాడు. రక్తం మిగిలితే దాన్ని తినేయడానికి శరీరం పంపే కణాలు చుట్టూ వాపు పుట్టిస్తాయి, కొత్తగా పెట్టిన కొవ్వుకి అది మంచిది కాదు. నూనె మిగిలితే చిన్న చిన్న తిత్తులుగా మారి గట్టి ఉండల్లా చేతికి తగులుతుంది.

చాలా సులువైనది నిలబెట్టి వదిలేయడం. సిరంజికి మూత పెట్టి, మొన కిందికి ఉండేలా స్టాండులో 15 నిమిషాలు ఉంచితే బరువైన నీరూ రక్తమూ కిందికి దిగుతాయి, మూత తీసి వదిలేయడమే. కణాల మీద ఏ ఒత్తిడీ పడదు. కాకపోతే నీరు పూర్తిగా పోదు, అందుకని ముఖానికి ఇది ఒక్కటే చాలదు.

దానికి కడగడం తోడు చేయండి. కొవ్వు ఎంత ఉందో అంత ఆర్‌ఎల్ సిరంజిలోకి లాగి, నాలుగైదు సార్లు మెల్లగా తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, కింది ద్రవం వదిలేయండి. కుదిపి కలపకండి. సాధారణంగా రెండు మూడు సార్లకి కిందికి దిగే నీరు ఎరుపు పోయి తేటపడుతుంది, కొవ్వు లేత పసుపులోకి వస్తుంది. కడగడం వల్ల మిగిలిన లిగ్నోకైన్, అడ్రినలిన్ కూడా పోతాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, ఉప్పు లేని నీళ్లు కణాల్లోకి చొరబడి వాటిని పగలగొడతాయి. ట్రే మీద రెండు గిన్నెలూ ఒకేలా ఉంటాయి కాబట్టి సిస్టర్ వాటి మీద పేరు రాసి పెట్టాలి.

ఇక సెంట్రిఫ్యూజ్. కోల్‌మన్ చెప్పిన 3000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), 3 నిమిషాలు అన్న అంకెలు అందరికీ కంఠతా వస్తాయి. కానీ కణాల మీద పడే బలం ఆర్‌పీఎం ఒక్కదాని మీదే ఆధారపడదు, రోటర్ వ్యాసార్ధం మీద కూడా ఆధారపడుతుంది. లెక్క తేలికే: వ్యాసార్ధాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణించండి. 12 సెం.మీ. రోటర్‌లో 3000 ఆర్‌పీఎం అంటే సుమారు 1200 జీ, అంటే భూమ్యాకర్షణకి 1200 రెట్ల బలం. అదే 3000 ఆర్‌పీఎం 8 సెం.మీ. చిన్న టేబుల్ మెషిన్‌లో 800 జీ, 16 సెం.మీ. పెద్దదాంట్లో 1600 జీ. అంటే ల్యాబ్ నుంచి ఏ సెంట్రిఫ్యూజ్ దొరికితే అది తెచ్చి అదే అంకె పెట్టేస్తే, ఒక ఆసుపత్రిలో చేసిందీ ఇంకో ఆసుపత్రిలో చేసిందీ ఒకటి కాదు. మీ మెషిన్ వ్యాసార్ధం కొలిచి, ఎన్ని ఆర్‌పీఎంకి ఎన్ని జీ అవుతుందో ఒక కాగితం మీద రాసి దాని మూతకి అతికించండి. నా మట్టుకు మామూలు కేసులకి 400 జీ దగ్గర, 12 సెం.మీ. రోటర్‌లో అయితే 1700 ఆర్‌పీఎం, ఒకటి రెండు నిమిషాలు చాలు. 1200 జీ దాటి వెళ్లాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

తిప్పే ముందు మొనకి మూత బిగించి, ప్లంజర్ తీసి, ఎదురెదురుగా సమాన బరువున్న సిరంజిలు పెట్టండి. ఆగాక చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి: పైన నూనె, మధ్యలో కొవ్వు, కింద గులాబీరంగు నీరు, దాని అడుగున కొద్దిగా ఎర్రగా పేరుకున్న కణాలు. మూత ఉండగానే సిరంజిని వంచి ముందు నూనె పారబోయండి. ఆ తర్వాత మూత తీస్తే కింది నీరు దానంతటదే దిగిపోతుంది. కొవ్వు మీద మిగిలిన నూనెని నాన్‌స్టిక్ ప్యాడ్ సన్నని పట్టీతో మూడు నాలుగు నిమిషాలు పీల్పించండి, అవసరమైతే ఇంకో పట్టీ. మధ్య పొరలో కింది భాగం చిక్కగా ఉంటుంది, అందులో నూనె తక్కువ, మూలకణాలు ఎక్కువ. ముఖంలో ఎక్కడ నిలబడటం అన్నిటికన్నా ముఖ్యమో అక్కడికి ఆ భాగం వాడండి.

ప్యాడ్ మీద పరిచి దొర్లించే పద్ధతి కూడా ఉంది. చిన్న మొత్తాలకి బాగానే పనిచేస్తుంది, నీరూ నూనే రెండూ పోతాయి. అయితే కొవ్వు గాలిలో బయటపడి ఉంటుంది, ఎండుతుంది, చేతులు తగులుతాయి. మామూలు గాజ్ మీద చేస్తే దాని పోగులు కొవ్వులోకి చేరతాయి. చేయాల్సి వస్తే త్వరగా చేసి, వెంటనే సిరంజిలోకి ఎత్తేయండి. ఫిల్టర్ ఉన్న మూసిన సంచీల కిట్లు వచ్చాయి, ప్యూర్‌గ్రాఫ్ట్, రివాల్వ్ లాంటివి. 200, 300 మి.లీ. కావాల్సిన రొమ్ము కేసుల్లో అవి సమయం ఆదా చేస్తాయి, గాలి తగలనివ్వవు. 20 మి.లీ. చెంపకి పేషెంట్ చేత ఆ ఖర్చు పెట్టించడం నాకు సమ్మతం కాదు. ఈ పద్ధతుల్లో ఒకటి మిగతావాటికన్నా కచ్చితంగా గొప్పదని ఇప్పటిదాకా తేలలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పది రూపాయల సిరంజి, ఆర్‌ఎల్ బాటిల్‌తో జాగ్రత్తగా చేసిన పనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇన్సులిన్, విటమిన్లు, ఇంకేవో కలిపితే బాగా నిలుస్తుందని ఎవరైనా చెప్తే కలపకండి. ఎంజైమ్ వేసి మూలకణాలు విడదీసి ఇస్తామని ప్రచారం చేసేవాళ్లతో ఇంకా జాగ్రత్త. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ పరిశోధన కిందికే వస్తాయి, చికిత్స పేరుతో అమ్మడానికి వీల్లేదు.

చిన్న సిరంజిలోకి మార్చడం

10 మి.లీ. సిరంజికి కనెక్టర్ పెట్టి, దాని అవతల 1 మి.లీ. సిరంజి బిగించి మెల్లగా తోయండి. గాలి బుడగలు లేకుండా చూడండి, బుడగ ఉంటే పెట్టిన కొలత తప్పుతుంది. ముక్క పెద్దదై కాన్యులా మూసుకుపోతే గట్టిగా తోయకండి, బయటికి తీసి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకంటే ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా వదిలితే అర మి.లీ. ఒకేచోట కుమ్మరించేస్తుంది.

కంటి కింద నలుపు, మచ్చల మీద చర్మం మెత్తబడటం లాంటివాటికి నానోఫ్యాట్ అని ఒకటుంది, 2013లో బెల్జియం సర్జన్ ప్యాట్రిక్ టొనార్డ్, తోటివాళ్లు చెప్పింది. రెండు 10 మి.లీ. సిరంజిల మధ్య కొవ్వును 30 సార్లు అటూ ఇటూ తోసి, నైలాన్ బట్టలో వడగడతారు. ఇందులో కొవ్వు కణాలు బతకవు, మూలకణాలు మిగులుతాయి. దీనితో గుంట పూడదు. మన రోంబర్గ్ పేషెంట్‌కి చెంపలో నానోఫ్యాట్ పెట్టి నిండుతుందని ఎదురుచూడటం దండగ.

టైమ్ సంగతి మరిచిపోకండి. కొవ్వు కణాలకి రక్తం అందకపోతే అవి ఒక రోజుకి మించి తట్టుకోలేవు, బయట ట్రేలో ఉన్నంతసేపూ ఆ గడువు కరుగుతూనే ఉంటుంది. మొత్తం ఒకేసారి తీసి గంటలు కూర్చోబెట్టకుండా, ఒకరు తీస్తుంటే ఒకరు శుభ్రం చేస్తూ, ఇంకొకరు పెడుతూ ఉంటే సిరంజి తీసిన గంటలోపే లోపలికి చేరిపోతుంది.

పెట్టడం

కొవ్వుని ఎంత బాగా సిద్ధం చేసినా ముద్దగా పెడితే లాభం లేదు. మొదటి కొద్దిరోజులు గ్రాఫ్ట్‌కి సొంత రక్తనాళాలు ఉండవు, చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరే ఆక్సిజన్‌తోనే బతకాలి. జపాన్‌లో కొటారో యోషిమురా బృందం చూపించినదాని ప్రకారం ముక్క అంచు నుంచి మిల్లీమీటరులో మూడో వంతు లోతు దాకానే పాత కొవ్వు కణాలు అలాగే బతుకుతాయి. దాని లోపలి పొరలో కణాలు చచ్చినా, మూలకణాలు మూడు రోజుల దాకా తట్టుకుని కొత్త కొవ్వుని పుట్టిస్తాయి. ఇంకా లోపల ఉన్నది పూర్తిగా చచ్చి నూనె తిత్తిగానో మచ్చగానో మారుతుంది. అందుకే సన్నని పోగుల్లా, ఒక్కో దారిలో 0.1 మి.లీ. లేదా అంతకన్నా తక్కువ, కాన్యులా వెనక్కి లాగుతూ మాత్రమే వదలాలి. రెండు మూడు చోట్ల నుంచి లోపలికెళ్లి, ఎముక మీద ఒక పొర, మధ్యలో ఒకటి, చర్మం కింద ఒకటి. 20 మి.లీ. అంటే రెండు వందలకి పైగా దారులు. విసుగొచ్చే పనే, కానీ తొందరపడే చోటు ఇది కాదు.

ముఖంలో సూది వద్దు, మొన తేలని కాన్యులానే, 1 మి.లీ. సిరంజే. కనుబొమల మధ్య, ముక్కు పక్కన ఉండే రక్తనాళాలు కంటి లోపలి నాళాలతో కలిసి ఉంటాయి. కొవ్వు ఒత్తిడితో ధమనిలోకి పోతే వెనక్కి తన్ని కంటికి రక్తం ఆగిపోతుంది, చూపు పోతుంది, మెదడుకి పోతే పక్షవాతం. ముఖం నింపడానికి వాడే జెల్ ఫిల్లర్‌ని కరిగించడానికైనా ఒక మందు ఉంది, కొవ్వుకి అలాంటిది లేదు. పిరుదుల్లో అయితే కండలోకి పోయిన కొవ్వు పెద్ద సిరల ద్వారా ఊపిరితిత్తులకి చేరి అక్కడికక్కడే ప్రాణం తీస్తుంది. వరసగా మరణాలు జరిగాక 2019లో అమెరికాలోని ఫ్లోరిడా మెడికల్ బోర్డు పిరుదు కండరంలోకి కొవ్వు ఎక్కించడాన్ని నిషేధించింది. చర్మం కింది పొరలోనే, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ చేయాలి.

తర్వాత

పెట్టిన చోట గట్టిగా నొక్కడం, మసాజ్ చేయడం, ఆ వైపు పడుకోవడం రెండు మూడు వారాలు వద్దు. తీసిన చోట మాత్రం బెల్టు కట్టుకోవాలి. సిగరెట్ మానమని ఆపరేషన్‌కి ముందే గట్టిగా చెప్పండి, సన్నని నాళాలు ముడుచుకుంటే మనం ఇంతసేపు కాపాడినదంతా పోతుంది. రొమ్ములో పెట్టినవాళ్లకి ఒక కాగితం రాసివ్వండి. తర్వాత మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు కనిపిస్తే ఫలానా తేదీన కొవ్వు గ్రాఫ్ట్ జరిగిందని రేడియాలజిస్ట్‌కి తెలియాలి, లేకపోతే అనవసరంగా క్యాన్సర్ అని టెన్షన్ పడతారు.

మొదటి నెల కనిపించే నిండుదనంలో వాపు ఉంటుంది. మూడు నుంచి ఆరు నెలల్లో ఎంత మిగిలిందో తేలుతుంది, అది ఒకరిలో మూడో వంతు, ఇంకొకరిలో మూడింట రెండు వంతులు ఉండొచ్చు. ఈ సంగతి ఆపరేషన్ ముందే పేషెంట్‌కి చెప్పి, రోంబర్గ్ లాంటి కేసుల్లో రెండు మూడు విడతలు పట్టొచ్చని ఇంట్లోవాళ్లని కూడా కూర్చోబెట్టి వివరించండి. ఎంత తీశారు, శుభ్రం చేశాక ఎంత మిగిలింది, ఏ చోట ఎన్ని మి.లీ. పెట్టారు, ఎన్ని జీ దగ్గర తిప్పారు, ఇవన్నీ ఓటీ నోట్‌లో ఉండాలి, ముందూ తర్వాతా ఒకే వెలుతురులో ఫొటోలు ఉండాలి. రెండో విడతకి కొవ్వు మళ్లీ కొత్తగానే తీయాలి. మొదటి రోజు మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో దాచి ఆరు నెలలకి వాడతామని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి, అందులో బతికున్న కణాలు మిగలవు, ఇన్ఫెక్షన్ మాత్రం రావచ్చు.